ముందటి పీట

మా ఆయనకు తాగుడు లేదు, పత్తాలాట లేదు, పరాయి ఆడోళ్ల దిక్కు కన్నెత్తి చూసుడు లేదు. మా చిక్కడపల్లి గల్లీల ఆడోళ్లంత "నీకేం తక్కువ జయమ్మా, బంగారమసొంటి మనిషి" అంటరు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతది. సవతి మనిషైతే జుట్టు పట్టి గుంజొచ్చు. చెక్క డబ్బాను పట్టుకొని ఏం గుంజుత?

ఆయన పేరు రామచంద్రం. రేడియోలు బాగు చేసేటోళ్లు ఈ పట్నంల ఇంకా అక్కడక్కడ ఉన్నరు గని, ఈయన చేసే పని వేరే. ఈయన పాత రేడియోల ముఖాలు బాగు చేస్తడు. రేడియోకు ముందట ఒక అద్దం ఉంటది, దాని మీద స్టేషన్ల పేర్లు, అంకెలు ఉంటయి, అద్దం వెనుక ఒక ముల్లు అటుఇటు జరుగుతది. ఆ అద్దం పలిగినోళ్లు, ముల్లు పోగొట్టుకున్నోళ్లు, తిప్పే నాబ్‌లు ఊడిపోయినోళ్లు మా ఇంటికొస్తరు. ఎవడో కబాడీకి ఎయ్యబోయిన డబ్బాకు ఈయన ముఖం పెట్టి పంపిస్తడు.

మా పెండ్లప్పుడు నారాయణగూడల ఒక రేడియో దుకాణంల పని చేస్తుండె. ఇప్పుడు ప్రతి మిద్దె మీద నుంచి కేబుల్ వైర్లు వేలాడుతున్నయి. దుకాణం సేటు రేడియోలు తీసేసి టీవీలు పెట్టుకున్నడు. "రామచంద్రం, నువ్వు గూడ టీవీ పని నేర్చుకో" అన్నడట. ఈయన నేర్చుకోలే. సామానంత ఒక ట్రంకు పెట్టెల వేసుకొని ఇంటికొచ్చిండు, ముందటి అర్రల పొట్టి బల్ల వేసుకొని కూసున్నడు. బషీర్‌బాగ్ దిక్కు పాత సామాన్లు జమ చేసే పెద్దోళ్లు, కోఠి దిక్కు రిపేరు దుకాణాలోళ్లు పని తెచ్చిస్తుంటరు. మంచిగనే నడుస్తది. దాని గురించి నాకు శికాయతు లేదు.

నా శికాయతు వేరే. కొత్త రేడియో ఇంట్లకొస్తే ఆయన దాన్ని రెండు చేతులతోటి ఎత్తి, కిందికి పెట్టి, తన భుజం మీది తువ్వాలతోటి ముఖం తుడుస్తడు. మూలలల్ల దుమ్ము ఊది ఊది తీస్తడు. అద్దం మీద ఉండే అక్షరాలు ఎట్లుండెనో చూసేటందుకు లైబ్రరీకి పోయి, పాత పేపర్లు తిరగేసి, రేడియోల ప్రకటనలు ఎదురుగ పెట్టుకొని పొద్దంత కాయితం మీద గీసుకొస్తడు. నా చీర రంగు ఏందని కండ్లు మూసి అడిగితే చెప్పలేడు. పాతికేండ్ల కింది మర్ఫీ రేడియోల మద్రాస్ అనే మాట పచ్చరంగుల ఉండెనా తెల్లరంగుల ఉండెనా అంటే మాత్రం వెంటనే చెప్తడు. మద్రాస్ మీద గూడ నేను కుళ్ళిన.

ఆ అద్దం పని ఎట్లుంటదో జర చెప్త, లేకుంటే నా బాధ మీకు సమజ్ కాదు. పేర్లు అద్దానికి ముందటి పక్క రాస్తే తుడిచినప్పుడల్ల అరిగిపోతయి. అందుకని వెనుక పక్క రాయాలె. వెనుక రాస్తే ముందట నుంచి సీదా కనపడాలె గదా, అందుకని రాసేటోడు ఉల్టా రాయాలె, ఒక్కో అక్షరం తిప్పి, కుడి నుంచి ఎడమకు. అక్షరాలు ఆరినంక వాటి మీద నుంచి నల్లరంగు పూస్తరు. ఒకసారి నల్లరంగు పడ్డదంటే ఇగ తప్పు దిద్దుకునేది ఉండదు. మా ఆయన అద్దాన్ని చెక్క చట్రంల నిలువుగ బిగించి బల్ల మీద పెడుతడు. పక్కన దీపం. సన్న బ్రష్ పట్టుకొని ఆయన అవతల కూసుంటడు. ఇవతల, అద్దానికి ముందట, ఒక పీట. ఆ పీట మీద నేను.

పెండ్లయిన కొత్తల దుకాణం పని ఇంటికి తెచ్చుకున్నప్పుడు ఒకనాడు "జయా, ఇట్ల ముందట కూసో. అక్షరం సీదా ఉందా, ఉల్టా పడ్డదా చూసి చెప్పు" అన్నడు. నేను ఏడో తరగతి దాంక తెలుగు మీడియం. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటి వస్తయి, అన్ని కలిపి చదువుమంటే నాలుక తిరగదు. ఆయన "ఏం పరవాలేదు, ఒక్కొక్కటే చదువు" అన్నడు. అట్ల మొదలైంది. ఎం, ఓ, టీ, హెచ్, ఇవి ఎటు నుంచి చూసినా ఒక్క తీరుగనే ఉంటయి, వీటికి నాతోటి పని లేదు. ఎన్, ఎస్ దగ్గర చెయ్యి తప్పుతది. మనిషి చేతికి సీదా రాసుడే అలవాటు, ఆదమరిస్తే ఎన్ సీదాగ పడుతది, ముందట చూసేటోళ్లకు ఉల్టా కనపడుతది. "ఎన్ తప్పింది" అంటే గుడ్డతోటి తుడిచి మళ్ల రాస్తడు. లేచి ఇటు దిక్కొచ్చి మీరే చూసుకోవచ్చు గదా అని ఒకసారి అడిగిన. "బ్రష్ ఆరిపోతది" అన్నడు.

నాకు అదే మంచిగయింది. బ్రష్ చేతిల ఉన్నంత సేపు ఆయన యాడికి పోలేడు. ఎదురుంగ నేను, నడుమ అద్దం. ఇంటి ముచ్చట్లన్ని నేను అప్పుడే చెప్పేదాన్ని. నల్లా దగ్గర ఎవరు ఎవరితోటి కొట్లాడిన్రు, మా తమ్ముడు ఏమన్నడు, పొద్దున నాకేం కల వచ్చింది, అంతా. ఆయన ఊఁ అంటడు. లేకుంటే ఆయన నోట్ల నుంచి మాట రావాలంటే దేవుడు దిగి రావాలె. అన్నం తినేటప్పుడు మాట్లాడడు, పడుకునేటప్పుడు మాట్లాడడు. నా సంసారంల ముచ్చట అంటూ ఉంటే ఆ పీట మీదనే ఉంది. అది పోతే నాకు మొగుడు ఉండీ లేనట్టే. ఈ మాట యాదిల పెట్టుకోండ్రి, ఎందుకంటే ఆ పీట పోయింది.

వానలకు గల్లీ అంత బురదగ ఉన్న దినాలు. ఒక సాయంత్రం మా వాకిట్ల ఆటో ఆగింది. గంజి పెట్టిన చీర, చేతిల గొడుగు, చంకల దుప్పట్ల చుట్టిన రేడియో. పేరు అడిగితే బాలత్రిపురసుందరి అన్నది, నడిమిట్ల ఊపిరి తీసుకోకుండ మొత్తం అన్నది. నారాయణగూడల ఆడపిల్లల బడిల టీచరు చేసి రిటైరైందట. అశోక్‌నగర్ల చెల్లెలితోటి ఉంటదట. దుప్పటి ఇప్పితే లోపల విలాయతి రేడియో, మంచి టేకు చెక్క. ముందట అద్దం ఉండే జాగ ఖాళీ. ముల్లు ఒక్కటే బోడిగ నిలబడి ఉంది.

"ఇది మా వారిది. ధర్మారావు గారని, ఆయన పోయి ఏడాది దాటింది. దీనికి అద్దం చేసి పెట్టాలి మీరు" అన్నది మా ఆయనతోటి.

ఆయన రేడియోను అటుఇటు తిప్పి చూసిండు. "ఇసొంటిది నేను ఇంకోటి చూడలేదమ్మా. ఈ కంపెనీ ఏ ఊర్ల పేర్లు రాసిందో, ఎన్ని వరుసలు రాసిందో, నకలు లేకుంట ఎట్ల తెలుస్తది?"

"నాకు తెలుసు" అన్నది ఆమె. "ఏ పేరు ఎక్కడుండేదో ఒక్కొక్కటీ నాకు గుర్తే. మీరు రాస్తుంటే ఎదురుగా కూర్చుని చెబుతాను."

మా ఆయన ముఖం వెలిగింది. నా దిక్కు తిరిగి "జయా, టీచరమ్మకు పీట ఇయ్యి" అన్నడు.

ఇచ్చిన. వాకిట్లకొచ్చిన మనిషికి పీట ఇయ్యమంటే ఇయ్యకుంట ఉంటమా? ఆనాడు ఇచ్చిన పీట మళ్ల నాకు రాలే.

రోజూ సాయంత్రం వచ్చుడు షురు చేసింది. గొడుగు మూలకు పెడుతది, చీర కుచ్చిళ్లు సర్దుకుంటది, నా పీట మీద కూసుంటది. "రామచంద్రం, ఇక్కడ కొలంబో" అంటది. ఆయన రాస్తడు. నేను వంటింటి గడప మీద కూసొని చాట ముందటేసుకొని బియ్యంల రాళ్లు ఏరుకుంట వింటుంటి. ఏరిన బియ్యమే మళ్ల ఏరుతుంటి. మధ్యల లేచి చాయ చేసి ఇయ్యాలె గదా, అది గూడ నా వంతే. అల్లం లేకుంట, చక్కెర తక్కువేసి ఇస్తుంటి. "టీ చాలా బాగుంది జయశ్రీ, నాకు తీపి పడదు, నీకెలా తెలిసింది?" అన్నది ఒకనాడు. ఇగ ఏం చెప్పాలె ఆమెకు. మర్నాటి సంది చక్కెర దండిగ వేసిన.

ఒట్టిగ పేర్లు చెప్పి ఊకుంటే నాకంత కడుపుమంట ఉండకపోవు. ప్రతి ఊరికి ఒక కథ చెప్తది. కొలంబో అనంగనే, ఒక పిల్ల భూగోళం పరీక్షల కొలంబో నల్లగొండ జిల్లాల ఉందని రాసిందట. తప్పు అంటే, మా మేనత్తను అక్కడికే ఇచ్చిన్రు టీచర్, నేను పోయొచ్చిన అని గల్లపట్టి కొట్లాడిందట. తీరా చూస్తే ఆ పిల్ల చెప్పింది అసొంటి పేరే ఉన్న వేరే ఊరట. అది విని మా ఆయన నవ్విండు. పెదవి వంచుడు కాదు, గట్టిగ, పండ్లు కనపడేటట్టు నవ్విండు. ఆయనకు దవడ పన్ను ఒకటి లేదని నాకు ఆనాడే తెలిసింది.

మర్నాడు పొద్దున పైపోర్షన్ల ఉండే మా ఇంటి ఓనరు అనసూయమ్మ నల్లా కాడ నన్ను పట్టుకున్నది. "ఏందే జయమ్మా, నిన్న మీ ఇంట్ల మొగోళ్ల నవ్వు ఇనపడ్డది. నేను రేడియో అనుకున్న" అన్నది. పక్కనున్న ఆడోళ్లు నవ్విన్రు. నేను బిందె నిండకముందే ఎత్తుకొని లోపలికొచ్చిన.

"ఆమెకు అరవై దాటినయి, నీకు అంత కుళ్ళు ఎందుకే" అన్నది తర్వాత అదే అనసూయమ్మ. అరవై అయితే ఏందట, ఇరవై అయితే ఏందట? ఆమె నా మొగుని చెయ్యి పట్టుకుంటదని నాకు భయం లేదు. ఆమె ఆయన చెవి పట్టుకున్నది. నాకు ఇన్నేండ్ల సంది దక్కింది ఆ చెవి ఒక్కటే, అది గూడ సగం.

నేను గూడ ఒకనాడు గంజి చీర కట్టిన. పూలు పెట్టుకొని, టీచరమ్మ వచ్చే యాళ్లకు ఆయన పక్కపొంటి పోయి నిలబడ్డ. ఆయన తలెత్తి చూసిండు. "జర పక్కకు జరుగు, దీపానికి అడ్డమొస్తున్నవు" అన్నడు. ఆ చీర మళ్ల కట్టలే.

ఇగ చూడు, ఆ అద్దం ఎంతకూ అయితలేదు. ఎంత పెద్ద అద్దమైనా వారంల నల్లరంగు దాంక వచ్చే మనిషి, దసరా పండుగ వచ్చి పోయినా అక్షరాల కాడనే ఉన్నడు. నిన్న కుడి దిక్కు రాయించిన కొలంబోను ఇయ్యాల ఎడమకు జరపమంటది. "కాదు రామచంద్రం, అక్కడ లక్నో ఉండేది, నేనే పొరబడ్డాను" అంటది. ఈయన విసుక్కోడు. గుడ్డతోటి తుడుస్తడు, మళ్ల రాస్తడు, లక్నో కథ షురు అయితది. నాకు అనుమానం తగిలింది. ఏ పేరు యాడుందో అంత యాదికున్న మనిషి దినాం ఎందుకు మారుస్తది?

ఆమె రేడియో చుట్టుకొచ్చిన దుప్పటి మా ఇంట్లనే ఉండె. ఉతికి, మడత పెట్టి, సంచిల వేసుకొని ఒక పొద్దున అశోక్‌నగర్ బయలెల్లిన. పరీక్షల పుస్తకాలు పట్టుకున్న పోరగాళ్లు ఆ గల్లీలల్ల ప్రతి చాయ బండి కాడ గుంపులు గుంపులు నిలబడ్డరు. అడుక్కుంట అడుక్కుంట ఇల్లు దొరికిచ్చుకున్న. టీచరమ్మ పెన్షన్ పని మీద బ్యాంకుకు పోయిందట. చెల్లెలు మనోరమ తలుపు తీసింది. మంచి మనిషి, మంచినీళ్లిచ్చి కూసోబెట్టింది.

"మీ అక్కకు జ్ఞాపకశక్తి మస్తున్నదమ్మా" అన్న. "రేడియో మీద ఏ ఊరు యాడుండెనో అన్ని చెప్తది."

మనోరమ నా దిక్కు వింతగ చూసింది. "అక్కకా? అక్క ఎప్పుడు చూసింది దాన్ని?"

"అట్లంటరేంది, మీ ఇంట్ల రేడియోనే గదా?"

"మా ఇంట్లోదే. కానీ మా బావగారు ఎవర్నీ దాని దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆఫీసు నుంచి రాగానే కుర్చీ దానికి ఆనించి, వీపు మావైపు పెట్టి కూర్చునేవారు. మళ్ళీ భోజనానికే లేవడం. అక్క ఏదైనా చెప్పబోతే వెనక్కి తిరక్కుండా చెయ్యి ఊపేవారు, తర్వాత అన్నట్టు. రామ్‌నగర్ నుంచి ఈ ఇంటికి సామాను మార్చినప్పుడు ఆ అద్దం పగిలింది. మేము చూసిందల్లా ఆయన వీపే అమ్మా. అద్దం మీద ఏం రాసుందో నాకూ తెలీదు, అక్కకూ తెలీదు."

ఇగ నా కాళ్లు నేల మీద ఉంటే ఒట్టు. అబద్ధం. అన్ని అబద్ధాలే. కొలంబో లేదు, లక్నో లేదు. నా పీట మీద కూసొని, నా చాయ తాగుకుంట, నా మొగునికి అబద్ధాలు చెప్తున్నది. లైబ్రరీ ముందట నుంచి ఇంటి దాంక ఉరికినట్టే వచ్చిన. ఇయ్యాల్టితోటి ఆమె వచ్చుడు బంద్ అనుకున్న.

మా ఆయన ఇత్తడి తీగను సానబట్టి ఇంకో రేడియోకు ముల్లు తయారు చేస్తున్నడు. నేను చెప్పులు గూడ ఇడవకుంట మొత్తం చెప్పిన. ఆమె ఆ అద్దం ఎన్నడూ చూడలే, మీకు ఇన్ని దినాల సంది టోపీ పెడుతున్నది అన్న.

"తెలుసు" అన్నడు.

"ఏం తెలుసు?"

"ఆమె చూడలేదని. మొదటి దినమే తెలిసింది. ఏ స్టేషన్ యాడ పడుతదో రేడియోల ఒక లెక్క ఉంటది. తిప్పి చూస్తే నాకు సమజయితది. ఆమె చెప్పిన జాగల ఒక్క ఊరు గూడ పడదు."

"మరి నువ్వు దినాం రాస్తున్నదేంది?" అన్న. కోపంల మీరు పోయి నువ్వు వచ్చింది, ఆయన గమనించలే.

"అది కిటికీ అద్దం. పలిగిన ముక్క. అసలు అద్దం నేను ఇంకా కొయ్యనే లేదు" అన్నడు. అని ముల్లును దీపానికి ఎత్తి పట్టి సీదా ఉందా లేదా చూసుకున్నడు.

 ఆమె అబద్ధమాడిందంటే అర్థముంది. ఈయన ఒట్టి కిటికీ అద్దం మీద, పనికిరాదని తెలిసి, ఇన్ని సాయంత్రాలు రాసిండంటే ఎవరికోసం రాసినట్టు?

"ఎందుకు?" అన్న.

"ఆమె చెప్తుంటే మంచిగుంటది" అన్నడు. "చెప్పనీ. పాపం ఆమె మాట ఎవరూ విన్నట్టు లేదు."

"ఏం చెప్తదట అంత మంచిగ?"

అడగకుంటనన్న ఉండాల్సింది. ఎన్నడూ నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి చెప్పుడు మొదలుపెట్టిండు. ఆమె చిన్నప్పుడు వాళ్ల నాయన సైకిల్ మీద బడికి దింపేటోడట, మెట్ట కాడ దిగి నడువుమనేటోడట. మొదటి జీతంతోటి గొడుగు కొనుక్కున్నదట, ఆ గొడుగు బస్సుల మర్చిపోయి ఏడ్చిందట. కొలంబో పిల్ల ఇప్పుడు డాక్టరైందట, మొన్న బజార్ల కనపడి కాళ్లు మొక్కిందట. అన్ని పూసగుచ్చినట్టు చెప్తున్నడు. ఒక్కటి మర్చిపోలే. 

"నేను గూడ ఆ పీట మీదనే కూసుంటి గదా" అన్న. "పెండ్లయినప్పటి సంది కూసుంటి. చెప్పి చెప్పి నోరు నొప్పి పెట్టింది. నేను చెప్పింది ఒక్కటి చెప్పు. ఒక్కటంటె ఒక్కటి."

ఆయన ముల్లు కింద పెట్టిండు. సోంచాయించిండు. నిజంగనే సోంచాయించిండు, కండ్లు మూసుకొని.

"ఎన్ తప్పిందని చెప్తవు" అన్నడు. "మస్తుసార్లు చెప్పినవు. ఒక్కసారి గూడ తప్పు చెప్పలే."

అది మెచ్చుకోలని ఆయన అనుకున్నడు, ముఖం చూస్తే తెలుస్తనే ఉంది. నేను లోపలికి పోయి, తల దువ్వుకునే అద్దం మేకు నుంచి తీసుకొచ్చి, ఆ పీట మీద గోడకు ఆనిచ్చి నిలబెట్టిన. "ఇగో, నీకు చదివి పెట్టేటందుకు ఇది చాలు. ఉల్టాది సీదా చూపిస్తది. దీనికి తమ్ముడు లేడు, నల్లా కాడ కొట్లాటలు లేవు, కలలు రావు. నీకు నిమ్మళం" అన్న.

ఆయన ట్రంకు పెట్టె మూత తీసి, అడుగున చెయ్యి పెట్టి, ఒక అద్దం తీసిండు. చిన్నది, తగరం అంచుది, మూలలకు రంగు మరకలున్నయి.

"ఇది దుకాణంల ఉన్నప్పటి సంది ఉంది" అన్నడు. "నువ్వు తల్లిగారింటికి పోయినప్పుడు దీన్ని పెట్టుకొని చూసుకుంట."

"మరి నేను ఉన్నప్పుడు?"

అద్దాన్ని తువ్వాలతోటి తుడిచిండు. మళ్ల పెట్టెల పెట్టిండు.  ఇటు దిక్కొచ్చి చూసుకుంటే సరిపోయే పనికి, ఇంట్ల అద్దం పెట్టుకొని, నన్నెందుకు పిలిచినట్టు? ఆనాడు పొద్దంత ఆయనతోటి మాట్లాడలే, సాయంత్రం టీచరమ్మ గూడ రాలే. నేను మాట్లాడకుంటే మా ఇంట్ల కుక్కర్ సీటీ తప్ప ఏం ఇనపడదు.

మర్నాడు సాయంత్రం ఆటో రాకముందే పోయి పీట మీద కూసున్న. ఆయన అవతల బ్రష్ కడుక్కుంటున్నడు, ఒకసారి చూసి తల దించిండు. టీచరమ్మ వచ్చింది, గొడుగు మూలకు పెట్టింది, నన్ను చూసి ఆగింది.

"జయా, టీచరమ్మకు పీట ఇయ్యి" అన్నడు ఆయన.

"ఇయ్య" అన్న. "టీచరమ్మా, చాయ పొయ్యి మీద ఉంది. ఇయ్యాల జర మీరే పోసుకోండ్రి."

ఆమె నన్ను చూసింది, ఆయనను చూసింది. మనోరమ ఏం చెప్పిందో ఆమెకు ఇంట్ల తెలిసే ఉంటది. కొంగు నడుముకు దోపుకొని వంటింట్లకు పోయింది.

నేను అద్దం దిక్కు తిరిగిన. అవతల ఆయన ముఖం, నడిమిట్ల కొలంబో. "ఇయ్యాల ఎన్ చూడ, ఎస్ చూడ" అన్న. "నేను చెప్పేది విను. బ్రష్ ఆరిపోతే ఆరిపోనీ. మా అమ్మకు గూడ చెప్పని మాట చెప్తున్న. మా ఇంటికి నన్ను చూడ వచ్చిన దినం నీకు యాదికుందా?"

"ఉంది."

"మా తల్లిగారింట్ల గూట్ల మా నాయన రేడియో ఉండె. నేను మా అమ్మ పట్టుచీర కట్టుకొని చాయ పట్టుకొచ్చిన. మీ అమ్మ నన్ను చూసింది, మీ అక్క చూసింది, మీ ఎంబడి వచ్చిన పెద్దమనిషి గూడ చూసిండు. నువ్వు రేడియో దిక్కు చూస్తున్నవు. ఉన్నంత సేపు దాని దిక్కే చూసినవు. మీరు పోయినంక మా మేనత్తలు పడి పడి నవ్విన్రు, పిల్లగాడు రేడియోను ఖాయం చేసుకొని పోయిండని. నేను వంటింట్ల తలుపేసుకొని ఏడ్చిన. ఆనాటి సంది నాకు రేడియో అంటే కడుపుమంట. నీ ఇంటికి వచ్చే ప్రతి డబ్బాను చూసి మండుతున్న. నన్ను చూడకుంట చేసుకున్నవు. చూడకుంటనే ఇన్నేండ్లు గడిపినవు. ఇగ ఈమె వచ్చింది, మాట వినుడు గూడ ఆమెకే ఇచ్చినవు. నాకేం మిగిలింది చెప్పు."

 ఆయన బ్రష్ పట్టుకొని అట్లనే ఉన్నడు. రంగు కొస మీద గట్టిపడుతున్నది, తడుపుకోలే.

"రేడియోను చూడలే" అన్నడు.

"నా కండ్లతోటి చూసిన."

"అద్దాన్ని చూసిన. మీ రేడియో అద్దం నల్లది, ఎదురుంగ కిటికీ ఉండె. నువ్వు దాంట్ల కనపడ్డవు. సీదా చూద్దామంటే సిగ్గయింది, అందరున్నరు. దాంట్లనే చూసిన." జర ఆగిండు. ఆయనకు అన్ని మాటలు ఒక్కసారి రావు. "నీ పాపిట కుడి దిక్కుకు ఉండె. పెండ్లి పీటల మీద తలెత్తి చూస్తే ఎడమ దిక్కుకు ఉంది. పిల్లను మార్చిన్రేమో అని భయమయింది. తర్వాత సమజయింది, నేను చూసింది ఉల్టా అని."

నా చెయ్యి పాపిట మీదికి పోయింది. ఎడమ దిక్కే.

"ఇప్పటికీ సీదా చూడాలంటే నాకు అట్లనే అయితది" అన్నడు. "నడుమ అద్దముంటే చూడగల. అందుకే పిలుస్తుంటి."

అంటే పీట మీద కూసున్నన్ని దినాలు ఆయన నన్ను చూస్తనే ఉన్నడు.  మరి ఊఁ అనుకుంట నా దిక్కే చూస్తుంటే నేను చెప్పేది చెవికి యాడ ఎక్కుతది? అప్పుడు వంటింటి దిక్కు చూసిన. టీచరమ్మ గడప మీద నిలబడ్డది, రెండు చేతులతోటి చాయ గ్లాసు పట్టుకొని, తాగకుంట. మొత్తం విన్నది. ఆమె మా ఆయన ముఖం చూస్తున్నది, తర్వాత నా ముఖం చూసింది. ఆ చూపు నాకు తెల్వదా? వానల సంది నేను మోసిన చూపు అది, ఇప్పుడు ఆమె కండ్లల్లకు పోయింది.

"రండ్రి టీచరమ్మా, కూసోండ్రి" అన్న. పక్కకు జరిగి పీట మీద జాగ ఇచ్చిన. సగమే ఇచ్చిన.